వెలిసిపోయిన చీర: ట్యూబు రంగులు మానేసి సహజ రంగులకి మారాలా?

బీచ్‌రోడ్డు_కుంచె: ఎం.వి.పి. కాలనీలో మా ఫ్లాట్ కిటికీ ఎదురుగా రెండేళ్ల క్రితం ఒక వాటర్‌కలర్ బొమ్మ తగిలించాను. భీమిలి ఎర్రమట్టి దిబ్బలు, ముందు ఒక అమ్మాయి. దిబ్బలు వేసిన రోజులాగే ఉన్నాయి. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు ట్యూబు రంగుతో వేసిన చీర మాత్రం వెలిసిపోయింది. ఇక ట్యూబులు పక్కనపెట్టి, ఏటికొప్పాక బొమ్మల వాళ్లలా సహజ రంగులు వాడదామా అని.

లక్కపిడత: వెంటనే మారండి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, అన్నీ మన చుట్టూ దొరికేవే. మా అమ్మమ్మ కొన్న లక్కపిడతలు ఇప్పటికీ పచ్చగా మెరుస్తున్నాయి.

మూడోబెంచి: అవి అద్దాల బీరువాలో ఉన్నాయా, కిటికీలోనా?

లక్కపిడత: బీరువాలోనే. అయితే ఏంటి?

మూడోబెంచి: అక్కడే ఉంది కిటుకు. అలిజరిన్ అసలు మొక్క రంగే. మంజిష్ఠ జాతి వేళ్ల నుంచి తీసేవారు. 1868లో గ్రేబే, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు దాన్ని ల్యాబ్‌లో తయారుచేశారు. వేరులోంచి వచ్చినా ట్యూబులోంచి వచ్చినా అణువు ఒకటే, ఎండకి విరిగిపోవడమూ ఒకటే. పసుపైతే ఇంకా త్వరగా పోతుంది. నీలిమందు కొంత నయం. మీ దిబ్బలకి వాడింది జేగురు లాంటి రంగు అయి ఉంటుంది, అంటే ఐరన్ ఆక్సైడ్. నిజం దిబ్బలకి ఎరుపు వచ్చిందీ దానివల్లే. తుప్పుకి ఇంకా పట్టడానికి తుప్పేముంది?

లక్కపిడత: ఎండ సంగతి సరే మాస్టారూ, ఆరోగ్యం మాటేంటి? సహజమైనదానిలో విషం ఉండదుగా.

మూడోబెంచి: పసుపు రంగిచ్చే హరితాళం, ఎరుపు రంగిచ్చే ఇంగిలీకం భూమిలోంచి తవ్వి తీసేవే. మొదటిదాంట్లో ఆర్సెనిక్, రెండోదాంట్లో పాదరసం. కుంచె నోట్లో పెట్టుకునే అలవాటున్నవాళ్లు జాగ్రత్త!

గోడమీదబొమ్మ: పెదవాల్తేరులో కొత్తగా సున్నం వేసిన గోడ మీద పసుపుతో సూర్యుణ్ణి గీశాం. గీస్తుండగానే ఎర్రబడ్డాడు. పసుపులో సున్నం పడితే పారాణి అవుతుందని ఇంట్లో అందరికీ తెలుసు, మాకే గుర్తు రాలేదు. ప్రష్యన్ బ్లూ కూడా సున్నానికి ఆగదు. అల్ట్రామెరైన్ ఆగుతుంది, కానీ దాని మీద నిమ్మరసం పడనివ్వకండి. ఆమ్లం తగిలితే నీలం పోతుంది.

బీచ్‌రోడ్డు_కుంచె: అయితే దిబ్బల మట్టే కాస్త తెచ్చి, నూరి, తుమ్మబంకలో కలిపేస్తే?

గోడమీదబొమ్మ: దయచేసి వద్దండీ. అది భూవారసత్వ స్థలం, ఇప్పటికే అరిగిపోతోంది. జేగురు బజార్లో దొరుకుతుంది.

లక్కపిడత: అందరూ తలో మాట అంటున్నారు. నా మాట మాత్రం మారదు. లక్కలో కలిపిన రంగు కాగితం మీద రంగులా ఉండదు, పైన మెరుగు కూడా ఉంటుంది.

మూడోబెంచి: మెరుగు ఉన్నా వెలుతురు లోపలికి పోతుందిగా. వాదన ఎందుకు, చూసేద్దాం. ఒక కాగితం మీద పసుపు, నీలిమందు, అలిజరిన్, జేగురు వరసగా పూసి, ప్రతిదానిలో సగం మందపాటి అట్టతో కప్పి కిటికీకి కట్టండి.

బీచ్‌రోడ్డు_కుంచె: కట్టేశాను. లక్కపిడత గారి కోసం ఒక లక్క పూత ముక్క కూడా పక్కన పెట్టాను. మూడు నెలల తర్వాత అట్ట తీసి ఫోటో పెడతాను.