అల్‌ప్రజోలమ్ ఆడ్స్ రేషియో కోట్లలో వస్తోంది, ఏం చేయాలి?

ఫార్మ్-డి ప్రాజెక్టు కోసం ఒంగోలులో 65 ఏళ్లు దాటిన 180 మంది మందుల చీటీలు చూసి, ఆరు నెలల్లో ఎవరు కిందపడ్డారో రాసుకున్నాను. పడినవాళ్లు 22 మంది. 2023 బీర్స్ జాబితాతో (వృద్ధులకు ప్రమాదం కావచ్చనే మందుల పట్టిక) మందులు గుర్తించి, ఆర్‌ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో లాజిస్టిక్ రిగ్రెషన్ (ఏ అంశం పడే అవకాశాన్ని ఎంత మారుస్తుందో అంచనా వేసే మోడల్) వేశాను: వయసు, బీపీ మాత్రలు, అల్‌ప్రజోలమ్ (ఆందోళనకు ఇచ్చే, మత్తు కలిగించే మందు), మొత్తం మందుల సంఖ్య.

అల్‌ప్రజోలమ్ వాడే ఏడుగురూ పడినవాళ్లే. దాంతో దాని ఆడ్స్ రేషియో (వాడనివాళ్లతో పోలిస్తే పడే ఆడ్స్ ఎన్ని రెట్లో చెప్పే అంకె) కోట్లలోకి పోతోంది. ఆ కాలమ్ తీసేస్తే మోడల్ బుద్ధిగా నడుస్తుంది గానీ, అసలు చూడాల్సిన మందే అది! ఇటరేషన్లు పెంచినా లాభం లేదు. ఫర్త్ పద్ధతిలో (తక్కువ డేటాలో ఇలా హద్దు దాటే అంచనాను అదుపు చేసే సవరణ) రేషియో దిగింది, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల పరిధి) మాత్రం ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఉంది.

ఇంత తక్కువ డేటాకు ఈ ఫర్త్ ఫలితాన్నే రిపోర్టులో పెట్టొచ్చా, లేక ఇలాగే మత్తు కలిగించే క్లోనజెపామ్, జోల్పిడెమ్ వాడేవాళ్లను కూడా కలిపి ఒకే గ్రూపు చేయాలా?