స్వలింగ జంటల పెళ్లికి, సైన్యంలో వాళ్ల ఉద్యోగానికి చట్టం ఎందుకు అడ్డుపడాలి?

"స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377 సెక్షన్ పోయింది కదా, కలిసి ఉంటే ఎవరూ పట్టుకోవడం లేదు కదా, ఇంకా పెళ్లి కూడా కావాలా, సైన్యంలోకి కూడా రావాలా" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వెటకారంగా కాకుండా తెలుసుకుందామనే అడిగినట్టు ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నేను రెండింటికీ పూర్తిగా అనుకూలం.

377 మీద సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబర్ 6న వచ్చింది. గౌరవం గురించి, సమానత్వం గురించి అందులో మంచి మాటలు చాలానే ఉన్నాయి, కానీ రోజువారీ జీవితంలో అది తీసేసింది జైలు భయాన్ని మాత్రమే. చట్టం దృష్టిలో జంటలోని ఇద్దరూ ఇప్పటికీ ఒకరికొకరు ఏమీ కారు. నాకు బాగా తెలిసిన ఇద్దరబ్బాయిలు ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఒకతనికి అర్ధరాత్రి అపెండిక్స్ నొప్పి వస్తే రెండో అతనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు, అడ్వాన్స్ కట్టాడు, మందుల చీటీ పట్టుకుని పరుగెత్తాడు. తీరా ఆపరేషన్‌కి సంతకం పెట్టే దగ్గర "పేషెంట్‌కి మీరేమవుతారు?" అన్నారు. ఫ్రెండ్‌నండీ అంటే, "ఫ్రెండ్ కుదరదు, ఇంట్లోవాళ్లని పిలవండి" అన్నారు. ఇంట్లోవాళ్లంటే ఎప్పటినుంచో మాటల్లేని అన్న, అదీ శ్రీకాకుళంలో. ఆయన్ని ఫోన్‌లో బతిమాలి ఒప్పించేదాకా ఆ కాగితం అలాగే బల్ల మీద ఉంది. డ్యూటీలో ఉన్నవాళ్లను నేను తప్పుపట్టను, ఆ గడిలో రాయడానికి చట్టం వాళ్లకు ఏ మాటా ఇవ్వలేదు.

"దానికి పెళ్లెందుకు, నామినీగా పెట్టుకోవచ్చు, వీలునామా రాసుకోవచ్చు" అన్నారు ఒకరు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునేవాడే తప్ప సొంతదారు కాడని ఎల్‌ఐసీ పాలసీ కేసులో 1983లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో బీమా చట్టాన్ని మార్చి డబ్బు నామినీకే చెందుతుందన్నారు, కానీ ఆ నామినీ తల్లో తండ్రో, భార్యో భర్తో, పిల్లలో అయితేనే! వీలునామాతో ఇల్లు రాసివ్వగలరు గానీ ఫ్యామిలీ పెన్షన్ రాసివ్వలేరు. ఇద్దరూ కలిసి బిడ్డను దత్తత తీసుకుందామంటే కనీసం రెండేళ్ల వైవాహిక జీవితం ఉండాలంటాయి నిబంధనలు. 2024లో కేంద్రం రేషన్ కార్డుకు ఇలాంటి జంటను ఒకే కుటుంబంగా చూడమంది, జాయింట్ అకౌంట్ తెరవడానికి అడ్డేమీ లేదని చెప్పింది. సంతోషమే. కానీ అవి కోర్టు మొట్టికాయ తర్వాత వచ్చిన సర్క్యులర్లు, సర్క్యులర్‌తో ఇచ్చింది సర్క్యులర్‌తోనే పోవచ్చు.

స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు కోరుతూ సుప్రీంకోర్టులో వేసిన ఆ కేసు ఎక్కడో ఢిల్లీ వాళ్లది కాదు. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్‌లో ఉండే జంట, ఆ కేసుకు సుప్రియో పేరే వచ్చింది. 2023 అక్టోబర్ 17న అయిదుగురు జడ్జిలూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు, చట్టం చేయాల్సింది పార్లమెంటే అన్నారు. కనీసం సివిల్ యూనియన్ (పెళ్లి అనకుండానే జంటగా చట్టం ఇచ్చే హోదా) గుర్తింపైనా ఇద్దామని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ రాసినా మిగతా ముగ్గురు ఒప్పుకోలేదు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కొట్టేశారు. అంటే బంతి ఇప్పుడు పార్లమెంట్ కోర్టులో ఉంది, అక్కడ ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు.

"సమాజం ఇంకా సిద్ధంగా లేదు" అనే మాట తెలుగువాళ్ల నోట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబర్ 11న, చట్టం వచ్చిన పాతికేళ్లకు. అప్పటికి సమాజం సిద్ధంగా ఉందా? వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేస్తే కందుకూరి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. చట్టం ముందే ఉంది కాబట్టే ఊరంతా వెలివేసినా ఆ పెళ్లి చెల్లదని ఎవరూ అనలేకపోయారు. దానికీ దీనికీ పోలికా అంటారేమో, పోలిక ఎందుకు లేదు, అప్పుడూ శాస్త్రం ఒప్పుకోదనే అన్నారు.

ఇక "ఇదంతా సిటీ వాళ్ల వ్యవహారం" అనే మాట. కేంద్రం కూడా 2023లో కోర్టులో దాదాపు ఇదే వాదించింది. పల్లెటూళ్లలో లేరని కాదు, అక్కడ "పెళ్లైతే అన్నీ సర్దుకుంటాయి" అని ఒక అమ్మాయిని తెచ్చి కట్టబెడతారు. ఏమీ సర్దుకోదు. ఏం జరుగుతోందో తెలియక, లోపం తనలోనే ఉందనుకుంటూ బతికే ఆ అమ్మాయి గురించి సంస్కృతి అని వాదించేవాళ్లు ఎవరూ ఎందుకు మాట్లాడరు? పాశ్చాత్యం అంటారా, నేపాల్ 2023లో స్వలింగ జంట పెళ్లిని రిజిస్టర్ చేసింది, థాయ్‌లాండ్‌లో 2025 జనవరి నుంచి చట్టమే ఉంది.

సైన్యం సంగతి ఇంకా కష్టం. 1950 నాటి ఆర్మీ చట్టం 46వ సెక్షన్‌లో "అసహజ" ప్రవర్తనకు ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. 377 తీర్పు వచ్చిన కొద్ది నెలలకే, 2019 జనవరిలో, అప్పటి ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్ సైన్యంలో స్వలింగ సంబంధాలను అనుమతించబోమని చెప్పారు. సైనికుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు పరిమితం చేయొచ్చని రాజ్యాంగం 33వ అధికరణలో ఉంది, నిజమే. పరిమితం చేయొచ్చు అంటే చేసి తీరాలని కాదు కదా.

జవాన్లు ఒప్పుకోరనేది పెద్ద వాదన. మహిళా అధికారుల పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా సైన్యంలో ఉద్యోగం) కేసులోనూ కేంద్రం ఇదే చెప్పింది, జవాన్లు ఎక్కువగా పల్లెల నుంచి వచ్చినవాళ్లు, మహిళ కమాండ్‌లో పనిచేయడానికి మానసికంగా సిద్ధంగా లేరని. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. అంత క్రమశిక్షణ గల జవాన్లను ఇంత తక్కువగా అంచనా వేయడం ఏం మర్యాద? పైగా గే సైనికులు కొత్తగా వచ్చేదేముంది, ఇప్పుడూ ఉన్నారు, దాచుకుని ఉన్నారు. హనీట్రాప్ వార్తలు చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు, బెదిరించేవాడికి కావాల్సింది దాచుకున్న రహస్యమేనని. ఉద్యోగం పోతుందన్న భయం తీసేస్తే ఆ రహస్యానికి విలువే ఉండదు. ఎవరైనా తోటివాళ్లతో అసభ్యంగా ప్రవర్తిస్తే శిక్షించాల్సిందే, మగవాళ్ల మీదైనా ఆడవాళ్ల మీదైనా ఒకటే నియమం పెట్టండి, దానికి నాకేం అభ్యంతరం లేదు.

బ్రిటన్ 2000 జనవరిలో ఈ నిషేధం ఎత్తేసింది, అమెరికా 2011 సెప్టెంబర్‌లో. క్రమశిక్షణ దెబ్బతింటుంది అంటున్నవాళ్లు అక్కడ ఎప్పుడు, ఎలా దెబ్బతిందో చూపించండి, తప్పకుండా చదివి జవాబిస్తాను. "మనది వేరే దేశం" అనే ఒక్క మాట మాత్రం జవాబు కింద లెక్కపెట్టను.