దర్శి దగ్గరి మా ఊరి యువజన సంఘంలో సేద్యం ఎలా నేర్పాలి?

ప్రశ్న:
మాది దర్శి దగ్గరి మెట్ట గ్రామం. కంది సాగు, జీవాల (గొర్రెలు, మేకల) పెంపకమే మాకు ఆధారం. మా యువజన సంఘంలో పదో తరగతి దాటిన పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారు, వారిలో ఐదుగురు ఆడపిల్లలు. నిరుడు సేద్యపు మెళకువలపై ఉపన్యాసాలు పెట్టించాము గాని, మూడో వారానికి ఒక్కరూ రాలేదు. పిల్లల మనసు నిలిచేటట్లు ఈ పనిని ఎలా సాగించాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు (పొదలకూరు నుంచి):
ఉపన్యాసాలు మాని, ఒక్కొక్కరికి సొంతమని చెప్పుకోగలిగిన పని అప్పగించండి. 1902లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో గ్రాహం అనే విద్యాధికారి పెట్టిన పిల్లల సంఘం, తరువాత పల్లె పిల్లలకు పని చేయిస్తూ నేర్పే 4-హెచ్ ఉద్యమానికి మూలమైనది, ఇలాగే పిల్లల చేత మట్టి పరీక్షలు చేయించి మొక్కజొన్న పండింపజేసింది. మా నిమ్మతోటలో ఆరు చెట్లు మా అబ్బాయికి విడిగా ఇచ్చిన తరువాతనే వాడు ఆకు తిరగేసి పురుగును వెదకడం నేర్చుకున్నాడు.

జవాబు (పశువైద్యశాలలో పనిచేసి విరమించినవాడిని):
ఆడపిల్లలకు రెండేసి గొర్రెపిల్లలను ఇప్పించండి. పదిహేను రోజులకొకసారి తూకం వేసి పుస్తకంలో రాయించండి, ఎందుకంటే నట్టల మందు (కడుపులోని పురుగులకు పోసేది) మోతాదు జీవం బరువును బట్టే ఉంటుంది, మన వాళ్ళు మాత్రం కంటి అంచనాతో పోస్తారు. గొర్రెలను ఉన్నట్టుండి చంపే చిటుకు రోగానికి టీకా తొలకరికి ముందే పడాలి. సూది పని మాత్రం పశువైద్య సిబ్బందికే వదలాలి. కంది వేసేవారు వంద గింజలను తడి గోనెపట్టాలో చుట్టి మొలక చూడాలి. డెబ్బై ఐదుకు తక్కువగా మొలిస్తే ఆ విత్తనం మార్చుకోవడమే మంచిది. దర్శిలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది, గ్రామీణ యువతకు శిక్షణ ఇవ్వడం వారి బాధ్యతల్లో ఒకటి గనుక ముందుగా అక్కడ మాట్లాడండి.

జవాబు:
పై మాటలన్నీ ఒప్పుకుంటాను గాని, అసలు చిక్కు ఇంట్లోనే వస్తుంది. మా ఊళ్ళో ఒక కుర్రవాడు పది సెంట్లలో మిరప పండిస్తే, అమ్మిన డబ్బంతా తండ్రి అప్పుకు జమ చేసుకున్నాడు. ఆ కుర్రవాడు మళ్ళీ సంఘం గడప తొక్కలేదు. నష్టమొస్తే ఎవరు భరిస్తారో, లాభమొస్తే ఎవరికి చెందుతుందో పెద్దలందరినీ కూర్చోబెట్టి ముందే కాగితం మీద రాయించండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం తల్లిదండ్రులను పిలిచి ఆ ఒప్పందమే ముందుగా మాట్లాడతాము, అదే రోజున పిల్లల చేత వంద కంది గింజలూ గోనెపట్టాలో చుట్టిస్తాము.