తుంటి ఆర్థ్రోస్కోపీ తర్వాత మొద్దుబారితే అది కాంప్లికేషనా, కాదా?

హన్మకొండ ఓపెనర్:
హైదరాబాద్‌లో తుంటికి కీహోల్ ఆపరేషన్ అయి ఐదు నెలలు. కీలులో ఎముక ఒరుసుకుని లేబ్రమ్ (కీలు గుంట అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) చిరిగితే కుట్టారు. నొప్పి బాగా తగ్గింది, అబద్ధం ఆడను, పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తున్నా. కానీ మొదటి మూడు వారాలు రెండు కాళ్ల మధ్య స్పర్శే లేదు. తొడ బయటివైపు అరచేయంత చోటు ఇప్పటికీ మొద్దే, జేబులో ఫోన్ వణికినా తెలియదు. డిశ్చార్జి కాగితంలో మాత్రం "కాంప్లికేషన్లు: లేవు" అని ఉంది. ఇదెట్లా?

కాజీపేట ఫిజియో:
అన్నా, కెమెరా లోపలికి పోవాలంటే కాలు లాగి కీలులో సందు తీయాలి. లాగినప్పుడు మనిషి జారకుండా కాళ్ల మధ్య మెత్త చుట్టిన స్తంభం పెడతారు, ఆ ఒత్తిడి కాళ్ల మధ్య చోటికి స్పర్శనిచ్చే పుడెండల్ నరం మీద పడుతుంది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో అదే సర్దుకుంటుంది. తొడది వేరే నరం, దాని కొమ్మలు రంధ్రం పెట్టే చోటికి దగ్గర్లోనే ఉంటాయి. తగ్గిపోయేవన్నీ కాంప్లికేషన్ అని రాస్తే అవసరమున్నవాళ్లు కూడా భయపడి ఆగిపోతారు. బ్రిటన్‌లో 348 మందితో చేసిన ట్రయల్ 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, ఏడాదికి ఫిజియోథెరపీ కన్నా ఆపరేషన్‌వాళ్లే మెరుగు. ఫిజియోనై ఉండి నేనే ఒప్పుకుంటున్నా మరి!

జనగామ అక్క:
మెరుగే, తుంటి ఎట్లుందో పేషెంట్లు చెప్పే 100 పాయింట్ల స్కోరులో తేడా 6.8, అది కూడా చెప్పు తమ్ముడూ. అయినా ఆపరేషన్ మంచిదా చెడ్డదా అని కాదు కదా ఆయన అడిగింది. రివ్యూలో డాక్టరు "నొప్పి ఎట్లుంది" అని అడిగి కాలు తిప్పి చూసి పంపిస్తే, పక్కన అత్తగారు నిలబడి ఉండగా ఏ మగాడు ఆ చోటి గురించి నోరు విప్పుతాడు? ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అడగనిది కాగితంలోకి ఎక్కదు, ఎక్కనిది "లేదు" అయిపోతుంది. పేషెంటు చేతికే ఫారం ఇచ్చి విడిగా నింపమంటే లెక్క వేరే వస్తుంది.

కాజీపేట ఫిజియో:
ఫారం సంగతి ఒప్పుకుంటా అక్కా. కానీ మూడు వారాల తిమ్మిరినీ, నరం పూర్తిగా దెబ్బతిన్నదాన్నీ ఒకే గాటన కట్టడం మాత్రం తప్పే.

హన్మకొండ ఓపెనర్:
కట్టమని నేనెక్కడన్నాను? వేర్వేరు గడుల్లో రాయండి, రాయడమైతే రాయండి. స్తంభం లేకుండా కూడా కొందరు సర్జన్లు చేస్తారని ఆపరేషన్ అయ్యాకే తెలిసింది, ముందే తెలిస్తే కనీసం అడిగేవాణ్ణి. సోమవారం రివ్యూ ఉంది. మొద్దుగా ఉన్నంత మేర తొడ మీద పెన్నుతో గీత గీసుకుని పోతున్నా, ఈసారి ఫైల్లో రాసేదాకా కుర్చీలోంచి లేవను.