తీగ లాగితే కదిలేది ఏ డొంక?

'తీగ లాగితే డొంకంతా కదిలింది' సామెతలో డొంక అంటే పొద, ఇందులో చర్చకేముంది అని నిన్న రాజమండ్రి మిత్రులు రాశారు. అర్థం వరకూ మీ మాట నిజమేనండీ. కానీ మా గుంటూరు వాళ్ళకి ఆ మాట అంత తేలిగ్గా తెమలదు. మొన్న మా అక్క కూతురు అడిగిన ప్రశ్న విన్నాక నాకూ ఆ సంగతి తెలిసొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం బ్రాడీపేటలో అక్కావాళ్ళింట్లో ఇద్దరం 'వెరోనికా మార్స్' మొదటి ఎపిసోడ్ చూశాం. 2004లో మొదలైన అమెరికా సీరియల్. వెరోనికా హైస్కూలు పిల్ల. కాలిఫోర్నియాలో నెప్ట్యూన్ అనే కల్పిత ఊరు. ఆమె ప్రాణస్నేహితురాలు లిల్లీ హత్యకు గురైంది. అప్పుడు షెరీఫ్‌గా, అంటే అక్కడి పోలీసు పెద్దగా ఉన్న వెరోనికా తండ్రి కీత్, లిల్లీ తండ్రినే అనుమానించి పదవి పోగొట్టుకున్నాడు. తల్లి ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. ఇప్పుడాయన ప్రైవేటు డిటెక్టివ్, బడి అయ్యాక కూతురు ఆయన ఆఫీసులో సాయం చేస్తుంది.

ఓ రాత్రి లిల్లీ తండ్రిని వెంబడించి, ఒక మోటెల్ దగ్గర కాపు కాసి, అక్కడున్న కారు నంబరు ప్లేటును ఫొటో తీస్తుంది. అది చూశాక కీత్ సరైన జవాబు చెప్పడు, ఆ కేసు వదిలెయ్యమంటాడు. పిల్ల వదల్లేదు. తనే ఆ నంబరు పట్టుకుని వెతికితే అది వాళ్ళమ్మ కారని తేలుతుంది. ముగిసిపోయిందనుకున్న లిల్లీ కేసును తండ్రి కూడా లోలోపల విడిచిపెట్టలేదని, ఆ కాగితాలన్నీ ఇనప్పెట్టెలో దాచాడని బయటపడుతుంది.

ఆ నంబరు ప్లేటు తెరమీద కనబడగానే నేను "తీగ దొరికింది, ఇక డొంకంతా కదులుతుంది చూడు" అన్నాను. "డొంకంటే దారి కదా పిన్నీ, దారెలా కదులుతుంది?" అంది.

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు. గుంటూరులో డొంక రోడ్డు ఉంది. పల్లెల్లో చేలకు బళ్ళు వెళ్ళే దారిని డొంకంటాం. రెవెన్యూ కాగితాల్లో 'డొంక పోరంబోకు' అనే రాస్తారు. మీ గోదావరి జిల్లాల్లో దాన్ని పుంత అంటారు కాబట్టి మీకు డొంక పొదగానే మిగిలింది. మాకు రెండు అర్థాలూ బతికే ఉన్నాయి.

పొద పేరు దారికెలా వచ్చిందో నాకు మా అమ్మమ్మగారి ఊళ్ళో నడిచిన డొంకే చెబుతుంది. రెండు పక్కలా మనిషెత్తు జెముడు, తుమ్మ, వాటిని అల్లుకుపోయిన తిప్పతీగ. మధ్యలో బండి చక్రాలు కోసిన గాడి. చిన్నప్పుడు ఓసారి కంచె మీంచి వేలాడుతున్న తిప్పతీగను పట్టుకు లాగాను. నా చేతిలోకి మూరెడు తీగ కూడా రాలేదు గానీ, అయిదారు బారల అవతల తుమ్మకొమ్మ ఊగింది, ఎండుటాకులు రాలాయి, లోపల్నించి తొండ ఒకటి దూకి పారిపోయింది. పైకి కనబడే కొస ఎంతో చిన్నది. లోపల అది దేన్ని చుట్టుకుని ఉందో లాగేదాకా తెలీదు. పొదల మధ్య దారికి పొద పేరే నిలిచిందని నా నమ్మకం.

ఈ మాటే అక్క కూతురికి చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే కారు నంబరు తిప్పతీగ, వాళ్ళమ్మ తుమ్మకొమ్మ" అంది. నాకెంత సంతోషమేసిందో!

ఇంకో సంగతి. కీత్ కూతురికి చెప్పిన జవాబుకి మన దగ్గర సరిగ్గా ఉన్న మాట 'డొంకతిరుగుడు'. డొంకలో నడిచినవాళ్ళకి ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. ఎదురుగా కనబడే చేనికి నేరుగా పోనివ్వదు, ఎవరెవరి గట్లో చుట్టి చుట్టి తీసుకెళ్తుంది. ఈ మాటలో ఉన్నది దారి డొంకేనని నా లెక్క. తండ్రిది డొంకతిరుగుడు, కూతురు కదిలించింది డొంక. ఆ ఇద్దరి మధ్య జరిగిందంతా మన డొంకలోనే పట్టేసింది.

మరొకరు 'ఆరా తీయడం', 'కూపీ లాగడం' ఒకటేనా అని అడిగారు. కాదనే అంటాను. అడిగితే చెప్పేవాళ్ళ దగ్గర ఆరా తీస్తాం. మిర్చి యార్డులో తేజా రకం మిర్చి ధర ఎంత పలుకుతోందో వాకబు చేస్తాం. కూపీ మాత్రం లాగాల్సిందే, అవతలివాళ్ళు దాస్తున్నారు కాబట్టి. తండ్రిని అడిగినంతసేపూ వెరోనికాది ఆరా. ఆయన దాటేశాక తను చేసింది కూపీ లాగడం. తీగనీ కూపీనీ కూడా మనం లాగుతామనే ఎక్కువగా అంటాం, గమనించారా?

పల్నాడు, ఒంగోలు వైపు వాళ్ళు మీ ఊళ్ళో బండిదారిని ఏమంటారో రాయండి. డొంకే అయితే, దానికి ఇరువైపులా ఏ చెట్లుండేవో కూడా చెప్పండి.