తుప్పు పట్టిన బ్రేకు పైపు ఇంట్లోనే మార్చుకోవచ్చా? (సముద్రం దగ్గర ఉన్నవాళ్లు చూడండి)

గోపాల్‌పూర్ తీరం:
మా ఇల్లు బీచికి దగ్గర, కారు ఎప్పుడూ ఆరుబయటే. వెనక చక్రానికి వెళ్లే బ్రేకు పైపు పెట్రోలు ట్యాంకు పక్కన క్లిప్పు కింద చెమ్మగా ఉంది. గోరుతో గీకితే తుప్పు పొరలుగా రాలింది. డబ్బాలో బ్రేకు ఆయిల్ కూడా తగ్గింది. షాపులో ఆ ముక్క కోసేసి జాయింటు వేస్తామంటున్నారు. నేనే పైపు మొత్తం మార్చుకోగలనా? బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు.

బరంపురం షెడ్డు:
బాబూ, ముందు ఆ బండి రోడ్డెక్కించకు. టైర్లో గాలి రెండు బార్ల పైచిలుకు. బ్రేకు గట్టిగా తొక్కితే ఆ సన్నటి పైపులో 70, 100 బార్ల దాకా లేస్తుంది. చెమ్మ వచ్చిన చోటే పగులుతుంది. బ్రేకు ఆయిల్‌కు రెండు వేర్వేరు దారులు (సర్క్యూట్లు) ఉంటాయి కాబట్టి బ్రేకు పూర్తిగా పోకపోవచ్చు. కానీ పెడల్ కిందికి దిగిపోయి, బండి ఆగడానికి చాలా దూరం పడుతుంది. బిగించి వదిలేసే కంప్రెషన్ జాయింటు బ్రేకు లైనుకు అస్సలు వద్దు. పైగా ఒక చోట తుప్పు బయటపడిందంటే మిగతా క్లిప్పుల కింద కూడా ఉప్పు చెమ్మ, మట్టి పట్టుకునే ఉంటాయి.

పర్లాకిమిడి అన్న:
మా పాత బండికి ఇంట్లోనే మార్చాను తమ్ముడూ, చేయొచ్చు. ఒక్క జాకీ మీద మాత్రం బండి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. అసలు పేచీ నట్టు దగ్గరే. మామూలు పానా వేస్తే మూలలు అరిగిపోతాయి, ఫ్లేర్ నట్ పానా (పైపు దూరేంత సందు వదిలి నట్టును చుట్టూ పట్టుకునేది) కొనుక్కో. తుప్పు వదిలించే ఆయిల్ ముందురోజే కొట్టి ఉంచు. అయినా రాకపోతే, పైపు ఎలాగూ పారేసేదే కదా, నట్టు పక్కనే కోసెయ్. ఇప్పుడు ఆరు మూలల సాకెట్ నేరుగా నట్టు మీద కూర్చుంటుంది, మారు మాట్లాడకుండా వచ్చేస్తుంది. ట్యాంకు పక్కన గ్యాసు మంట పెట్టకు. పాత పైపును వంపులు చెడకుండా తీసి, దాన్నే కొలతగా పెట్టుకో.

సిరొంచ గోదావరి:
మాకు సముద్రం లేదు గానీ వానాకాలం బురద చాలు. నేను రాగి-నికెల్ పైపు వేయించాను, తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది. ఉత్త రాగి పైపు వద్దు, అదురుకు గట్టిపడి చిట్లుతుంది. ఎక్కువ బళ్లకు 4.75 మి.మీ. లావు పైపే, అయినా మీది కొలిచి చూసుకోండి. కొస ఆకారం ఇంకా ముఖ్యం: కొన్నింటికి డబుల్ ఫ్లేర్ (గరాటులా విప్పి అంచు లోపలికి మడిచింది), కొన్నింటికి బబుల్ ఫ్లేర్ (బుడగలా ఉబ్బించింది). ఒకటి ఉన్నచోట రెండోది బిగిస్తే కారుతుంది. చవక టూలుతో కొస వంకర పోతోందని, నేను పాత పైపు పట్టుకెళ్లి మంచిర్యాలలో కొసలు కొట్టించుకొచ్చాను. కొస కొట్టే ముందే నట్టు పైపుకు ఎక్కించాలి, అది మర్చిపోవద్దు.

గుణుపురం:
పైపు విప్పితే లైనులోకి గాలి చేరుతుంది, ఆ గాలి తీయడం గురించి ఎవరూ చెప్పలేదు. ఇద్దరు ఉండాలి. లోపలివాళ్లు పెడల్ తొక్కి పట్టుకున్నాక చక్రం దగ్గరి నిప్పల్ (గాలి బయటికి వదిలే చిన్న మర) వదులు చేయాలి, బిగించాకే కాలు తీయాలి. డబ్బాలో ఆయిల్ అడుగంటకూడదు, అడుగంటితే మళ్లీ మొదటికి. ఏ చక్రం ముందో మీ బండి మాన్యువల్ చూడండి, అన్నింటికీ ఒకే వరస కాదు. డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, అదే కొత్త సీసా తెచ్చి పోయండి. తెరిచి ఉంచిన సీసా గాలిలో తేమ పీల్చేస్తుంది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. ఏబీఎస్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త, దాని యూనిట్లోకి గాలి చేరితే కొన్ని బళ్లకు స్కానర్ పెడితేగానీ పోదు.

గోపాల్‌పూర్ తీరం:
అందరికీ చాలా థాంక్స్. జాయింటు వద్దని చెప్పేశాను. రెండో వెనక పైపు పైకి బాగానే ఉంది, దాన్నీ మార్చాలా?

బరంపురం షెడ్డు:
అదే వయసు పైపు, అదే గాలి తిన్నది. మార్చెయ్. అయ్యాక ఇంజన్ ఆన్ చేసి పెడల్ గట్టిగా తొక్కి పట్టించు, నువ్వు కింద టార్చి వేసి ప్రతి నట్టూ పొడిగుడ్డతో తుడిచి చూడు. గుడ్డకు తడి అంటకపోతేనే, అదీ ముందు ఖాళీ మైదానంలో, మెల్లగా నడిపి చూడు.