ఫ్యూయల్ మీటర్ ముల్లు సగంలో ఉంటే ట్యాంకులోనూ సగం ఉన్నట్టేనా?

ప్రశ్న:
నా కారులో ట్యాంకు నింపించాక చాలా దూరం వరకు ముల్లు ఫుల్ దగ్గరే ఉంటుంది. సగం దాటిందంటే మాత్రం గబగబా దిగిపోతుంది. మొన్న రిజర్వ్ లైటు వెలిగేసరికి ఇంకెంత దూరం వెళ్తుందో తెలియక ఒకటే టెన్షన్. మీటర్ పాడైందా? అసలు దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు:
మీరు చెప్పినదాన్ని బట్టి మీటర్ బాగానే ఉందండీ. అది కొలిచేది లీటర్లను కాదు, ట్యాంకులో పెట్రోలు ఎంత ఎత్తున ఉందో దాన్ని. లోపల ఒక కడ్డీ చివర ఫ్లోట్ తేలుతూ ఉంటుంది. మట్టం తగ్గితే ఫ్లోట్ దిగుతుంది, కడ్డీ కదులుతుంది, దానికి తగ్గట్టు రెసిస్టెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, మారుతుంది. ముల్లును నడిపేది ఆ మార్పే.

చిక్కంతా ట్యాంకు ఆకారంతోనే. సీటు కింద, సైలెన్సర్ గొట్టం పక్కన మిగిలిన చోటులో ఇమిడేలా దాన్ని వంకరటింకరగా చేస్తారు. పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉన్న ట్యాంకులో పై అంగుళంలో పట్టినన్ని లీటర్లు కింది అంగుళంలో పట్టవు. సగం తర్వాత ముల్లు పరిగెత్తడానికి మామూలుగా ఇదే కారణం. చాలా కొత్త కార్లలో కంప్యూటర్ ఈ తేడాను సరిచేస్తుంది గానీ పూర్తిగా కాదు. ఇక మొదట్లో కదలకపోవడం ఎందుకంటే, ఫ్లోట్ పైకంటా వెళ్లి ఆగాక కూడా ట్యాంకులో ఇంకొంత పెట్రోలు పడుతుంది. అది ఖర్చయ్యేదాకా ఫ్లోట్ దిగదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. మరి స్క్రీన్ మీద 'ఇంకా ఇన్ని కిలోమీటర్లు' అని వస్తుంది కదా, అదైనా నమ్మొచ్చా?

మరో సభ్యురాలు:
అదీ అంచనానే. ఇప్పటిదాకా వచ్చిన మైలేజీయే ఇకముందూ వస్తుందనుకుని లెక్కేస్తుంది. 5 లీటర్లు మిగిలి, హైవే మీద లీటరుకు 20 కిలోమీటర్లు వచ్చి ఉంటే 100 చూపిస్తుంది. అక్కడి నుంచి ట్రాఫిక్‌లోకి దిగి మైలేజీ 12కి పడితే మీరు వెళ్లేది 60 మాత్రమే. ఏటవాలులో బండి ఆపినా ఫ్లోట్ లెక్క తప్పుతుంది, కాబట్టి చదునైన చోట చూడండి.

జవాబు:
నిజమే. అందుకే మీ కారు లెక్క మీరే కనుక్కోవడం మేలు. ఒకసారి నాజిల్ తనంతట తాను కట్ అయ్యేదాకా నింపించండి. తర్వాత రిజర్వ్ లైటు వెలగగానే బంకుకు వెళ్లి మళ్లీ అలాగే నింపించి, బిల్లులో లీటర్లు చూడండి. మాన్యువల్‌లో ట్యాంకు 45 లీటర్లని ఉండి, 38 పట్టిందంటే లైటు వెలిగేటప్పటికి సుమారు 7 మిగిలాయన్నమాట. అందులోనూ అడుగున కొంచెం పంపుకు అందదు, దాన్ని లెక్కలోంచి తీసేయండి. రెండు మూడు సార్లు చూసి, మిగిలినట్టు తేలిన లీటర్లలో తక్కువదాన్నే నమ్ముకోండి.

కట్ అయ్యాక మాత్రం ఇంకాస్త పోయమని అడగొద్దు. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పెట్రోలే వెళ్లిందంటే అది పాడవుతుంది.

నా సలహా అయితే పావు ట్యాంకు దగ్గరే నింపించేయండి. చాలా కార్లలో పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ అడుగంటా నడిపితే పంపు వేడెక్కి త్వరగా అరుగుతుంది.

ఇంకో సభ్యుడు:
నాది డీజిల్ బండి. ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఒక్కసారి కిందికి పడి మళ్లీ లేస్తుంది. ఇదీ ట్యాంకు ఆకారం వల్లేనా?

జవాబు:
కాదండీ, మీది రిపేరు వ్యవహారంలాగే ఉంది. ప్రతిసారీ ఒకే చోట దూకుతోందంటే ఫ్లోట్ కడ్డీ దగ్గరి రెసిస్టెన్స్ పట్టీ అక్కడ అరిగి ఉండొచ్చు. మెకానిక్‌కు 'ఫ్యూయల్ సెండర్ యూనిట్ చూడండి' అని చెప్పండి. బాగయ్యేదాకా ట్యాంకు నింపిన ప్రతిసారీ ట్రిప్ మీటర్ సున్నా చేసి, కిలోమీటర్లను బట్టి పోయించుకోండి. డీజిల్ పూర్తిగా అయిపోతే లైన్లలోకి గాలి చేరుతుంది. అప్పుడు మళ్లీ పోసినా, ఆ గాలి తీసేదాకా చాలా బండ్లు స్టార్ట్ కావు.